అరవై దాటిన చెయ్యి

కుట్టిన కాలరు తిరగేసి, కత్తెర మొనతో మూల బయటికి పొడిచి, దొంతిలో పెట్టింది. చూడకుండానే తర్వాతి ముక్క అందుకుంది. పందొమ్మిదేళ్లుగా ఈ చొక్కాల ఫ్యాక్టరీలో అదే పని. లైనులో ముప్పైమందీ ఆమెను కాలరక్క అనే పిలుస్తారు. ఎప్పుడో సూది దిగిన చూపుడువేలి గోరు రెండుగా చీలి, అలాగే పెరిగింది. ఇంట్లో ఆమెను ఏదీ అడిగేవాళ్లు లేరు. ఆమె మాట చెల్లేది ఈ లైనులోనే.

ఎదురు మెషిన్ మీద జేబులు కుట్టే పిల్లకు మూడేళ్ల కిందట దారం ఎక్కించడం నేర్పింది తనే. ఇప్పుడు అందరూ ఆ పిల్ల చుట్టూ మూగుతున్నారు. గంటకు అరవై దాటి ఎవరూ కుట్టొద్దని ఆ పిల్లే చెప్పింది. ఒక్కరు దాటినా సూపర్‌వైజరు ఆ అంకే అందరికీ వేస్తాడు. అందుకోలేనివాళ్లు పనివేళ అయ్యాక జీతం లేకుండా కూర్చోవాలి. అరవై కాగానే పిల్ల జడ వెనక్కి వేసుకుంటుంది. అది చూసి లైనంతా నెమ్మదిస్తుంది. కార్మిక సంఘం పెట్టడానికి ఆ పిల్ల తిప్పుతున్న కాగితం మీద ఇరవై ఆరు సంతకాలు పడ్డాయి. కాలరక్క మాత్రం రేపు చూద్దామంటూ వచ్చింది.

మధ్యాహ్నం తినేటప్పుడు గుండీలు కుట్టే ఆవిడ, బిడ్డకు జ్వరం, సెలవు అడగనా వద్దా అని ఆ పిల్లను అడిగింది. మొన్నటిదాకా అలాంటివి కాలరక్క దగ్గరికే వచ్చేవి. కాలరక్క సగం తిన్న డబ్బాకు మూత పెట్టేసింది.

"అరవై దగ్గర ఆగాలంటే అక్క మెషిన్‌కి పగ్గం కట్టాలేమో," అంది గుండీలావిడ. అందరూ నవ్వారు.

"అక్క ఆగుతుందిలే. నాకు పని నేర్పిందే అక్క," అంది పిల్ల.

తన చేతికి ఈ పిల్ల హామీ ఉండటమేమిటి. ఆ మాట సాయంత్రందాకా గుచ్చుకుంటూనే ఉంది.

చివరి గంటలో పిల్ల జడ వెనక్కి వేసుకుంది. కాలరక్క చూసింది. చూసి, అరవై ఒకటో కాలరు అందుకుంది. ఆ తర్వాత చేతులు వాటంతటవే సాగిపోయాయి.

సూపర్‌వైజరు దొంతిని రెండుసార్లు లెక్కబెట్టి, గోడమీది బోర్డులో అరవై చెరిపి డెబ్బై రెండు వేశాడు. రేపటినుంచి అందరికీ అదే అన్నాడు. ఇన్నాళ్లూ ఆపమన్నదెవరని అడిగాడు. కాలరక్క దారం కండె సర్దుకుంటూ ఉండిపోయింది.

పిల్ల లేచి నిలబడింది. "నేనే చెప్పాను సార్. అక్కది పందొమ్మిదేళ్ల చెయ్యి. ఆ అంకె అందరికీ వేస్తే ఎట్లా?"

ఆఫీసుకి రమ్మన్నాడు. పావుగంటకు తిరిగొచ్చి పిల్ల తన డబ్బా తీసుకుంది. ఇక రావద్దన్నారని గుండీలావిడకు చెప్పి, సంతకాల కాగితం ఆమె చేతిలో పెట్టింది. కాలరక్క లేవబోయింది. మళ్లీ కూర్చుంది.

పిల్ల ఆమె దొంతి వంక చూసింది.

"మూలలు బాగా వచ్చాయక్కా," అని వెళ్లిపోయింది.

ఎదురు మెషిన్ మీద సూది దిగే ఉంది. దాని కింద రెండు వైపులే కుట్టుపడిన జేబు. మూడో అంచు ఫ్యాను గాలికి లేస్తూ, పడుతూ ఉంది.