చూడని మాట

1948 వేసవిలో పత్తర్‌గట్టి బజారు వెనక సందులో, బావిలో విషం కలిపారని ఒక మాట పుట్టింది. పొద్దున ఎవరో అన్నారు. మధ్యాహ్నానికి హిందువులదొకటి, ముస్లింలదొకటి, రెండు గుంపులు కర్రలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డాయి. అజ్మత్ అలీ వాళ్ల మధ్యకు వచ్చి, చేదతో నీళ్లు తోడి, అందరూ చూస్తుండగా గడగడా తాగి, బావిగట్టు మీద గంటసేపు కూర్చున్నాడు. ఆయనకేమీ కాలేదు. గుంపులు ఇళ్లకు మళ్లాయి.

ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టరు. జపాన్ మీద అణుబాంబు పడినప్పటి నుంచి పరమాణువు గురించి దొరికిన ప్రతి కాగితమూ చదువుతున్నాడు. ఆ సాయంత్రం చాయ్ దుకాణంలో ఇద్దరిని కూర్చోబెట్టుకున్నాడు. ఒకరు దుకాణదారు బాబూమియా. ఇంకొకరు రాజమణి, సందులో హిందువుల ఇళ్లలోనూ ముస్లింల ఇళ్లలోనూ కాన్పులు చేసే మంత్రసాని.

“యురేనియం అని ఒక లోహం ఉంటది. దాని పరమాణువుకు చిన్న కణం తగిలితే పగులుతది. పగిలి ఇంకో రెండు మూడు కణాలు ఇడుస్తది. అవి పోయి ఇంకొన్నిటిని పగలగొడ్తయి. గట్లనే ఊరంత బూడిదైతది. మాట గూడ గంతే అమ్మా. ఒకరు ఇద్దరికి చెప్తరు, ఇద్దరు నలుగురికి.”

“మరి ఆపేదెట్ల మాస్టర్ సాబ్?” అంది రాజమణి.

“నడుమ కాడ్మియం అనే ఇంకో లోహపు కడ్డీలు పెడ్తరు. అవి ఆ కణాలను మింగి ఊకుంటయి. అందరి మాటలు మీ ఇద్దరి దగ్గరికే వస్తయి గద. కండ్లతోని చూడని మాటను మింగుండ్రి. ఇంకొకరికి ఇయ్యకుండ్రి.”

“నా దగ్గర చాయ్ కన్న పుకార్లే మస్తు నడుస్తయి సాబ్,” అన్నాడు బాబూమియా. “మింగుత, ఖుదా కసమ్.”

చాంద్రాయణగుట్ట దారిలో సందువాళ్లు నలుగురిని నరికారన్న మాట వచ్చింది. రాజమణి మింగేసింది. మర్నాడు ఆ నలుగురూ నడిచి ఇంటికొచ్చారు. రెండు నెలల్లో అలా మింగేవాళ్లు పన్నెండు మందయ్యారు. నగరమంతా ఉడుకుతున్నా సందు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఎవరికో నచ్చలేదు. దుకాణం ఎదుట ఎరగని మనుషులు నిలబడసాగారు. చాయ్ అడగరు, మాట్లాడరు, వచ్చేపోయేవాళ్లను చూస్తుంటారు.

ఒక సోమవారం రాజమణి ఒక ఇంట్లో కాన్పు చేస్తుంటే గోడ అవతల మగగొంతు వినిపించింది.

“బావికాడ నీళ్లు తాగినోని సంగతి బుధవారం చూద్దం.”

మొహం కనబడలేదు. ఆమె వస్తూ వస్తూ మాస్టరు గుమ్మం దగ్గర ఆగింది.

“ఏందమ్మా?” అన్నాడాయన కాగితాల మీంచి తల ఎత్తి.

“ఏం లేదు సాబ్,” అని వెళ్లిపోయింది. విన్నది తప్ప చూసింది లేదు.

బుధవారం బడి విడిచిన వేళ ఆయన్ను బాటలోనే కొట్టారు. కాలు విరిగింది. ఒక కన్ను పోయింది.

మంచం పక్కన కూర్చుని రాజమణి అంతా చెప్పింది. ఆయన ఆమె వైపు తల తిప్పాడు.

“తప్పు నాది. పరమాణువుకు దోస్తు లేడు, దుష్మన్ లేడు. ఎవరికి చెప్పాల్నో దానికి తెల్వది. నీకు తెలుసు. గది నా లెక్కల రాలె.”

“నాకు ఎరికె సాబ్,” అందామె కోపంగా. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. “మీరు సదువుకున్నోళ్లని నా తెలివిని పక్కకు పెట్టిన.”

“ఇగ బజారుకు చెప్పకు. ఆపద ఎవరికో ఆయనకు మాత్రం చెప్పు. అబద్ధమైతే ఏం పోతది, ఒక పూట నిద్ర.”

పక్షం రోజులకు మరో కాన్పు ఇంట్లో ఆమె ఇంకో పేరు విన్నది. చేతులు కడుక్కుని నేరుగా గడియారాలు బాగుచేసే రామ్‌చందర్ ఇంటికి నడిచింది. ఆయన ఎందుకని అడగలేదు. భార్యాపిల్లలతో నగరం అవతల జల్‌పల్లి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లకు తాళం మాత్రమే దొరికింది. ఆ తర్వాత మరో మూడు ఇళ్లకు తాళాలు పడ్డాయి. మనుషులు బతికారు. సందు మాత్రం ఖాళీ అవుతూ వచ్చింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం బాబూమియా ఆమెను దుకాణంలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

“రాజమణక్కా, ఇయ్యాల నీ పేరు విన్న.”

ఎవరన్నారని ఆమె అడగలేదు. ఇంటికెళ్లి కాన్పుల సంచీ భుజాన వేసుకుంది. మాస్టరు ఇంటికెళ్లి ఆయన్ను లేపి, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించింది. ఎండ దిగకముందే ఇద్దరూ సందు దాటారు.