పెద్దాయన మాటే నా మాట

పెద్దాయన కోడలికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆఫీసరు వస్తున్నాడని ఇల్లు సర్దొద్దు, మామగారికి గడ్డం గీయొద్దు, రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండనీ అని. సరేనంది. తీరా వెళ్లి చూస్తే పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో పెళ్లికొడుకులా కుర్చీలో కూర్చున్నాడు. దుప్పట్లు మారాయి, మంచం కింద ఉండే బెడ్‌పాన్ మాయమైంది. నాకు ఒళ్లు మండింది.

"ఇంటికొచ్చినవాళ్ల ముందు ఆయన్ని అలా ఎలా కూర్చోబెట్టను మేడమ్?" అంది కోడలు, నడుం పట్టుకుని.

వృద్ధుల తరఫున మాట్లాడటం నా ఉద్యోగం. ఈ ఇంటికి పగటిపూట సాయానికి ఒక ఆయాను ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఆఫీసరు వస్తున్నాడు. పెద్దాయన ఒకప్పుడు టైలరు. ఇప్పుడు మంచం దిగాలన్నా కోడలు ఎత్తాల్సిందే. కొడుకు లారీ ఎక్కితే వారాల తరబడి ఇంటికి రాడు. ఎత్తీ ఎత్తీ ఆమె నడుం పోయింది. ఇలాగే ఎత్తితే ఆమె కూడా మంచాన పడుతుందని డాక్టరు చెప్పేశాడు.

ఆఫీసరు మంచివాడే, ఓపిగ్గా అడిగాడు. స్నానం ఎవరు చేయిస్తారంటే, నేనే చేసుకుంటానన్నాడు పెద్దాయన. బట్టలో?

"ఊరందరికీ బట్టలు కుట్టి తొడిగినవాణ్ణి, నావి నేను తొడుక్కోలేనా?"

ఆఫీసరు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. నిలబడమంటే, బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు కూడా. అదంతా మేకపోతు గాంభీర్యమని నాకూ కోడలికీ తెలుసు. మోకాళ్లు వణుకుతుంటే పంచె కదులుతోంది.

మీకేమైనా ఇబ్బందా అని ఆఫీసరు కోడల్ని అడిగాడు. ఎదురుగా మామగారు. ఆయన పంచె తను మారుస్తున్నానని ఏ నోటితో చెబుతుంది? తలొంచుకుని, ఏం లేదండీ అంది. ఆమెతో విడిగా మాట్లాడమన్నాను. ఆమెలా ఇంట్లో సేవ చేసేవాళ్ల తరఫున అడగాల్సిన మనిషి వేరు కదా అన్నాడు ఆఫీసరు. నిజమే. మా ఆఫీసులో ఆ మనిషి కుర్చీ ఎప్పట్నుంచో ఖాళీ.

చివరికి, మీరేమంటారని నావైపు తిరిగాడు. మా పనికి ఒకటే నియమం: పెద్దవాళ్లు ఏమంటే మేమూ అదే అనాలి. వాళ్ల మంచి మనకే తెలుసని వాళ్ల మాట తోసేయకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ నియమం నేర్పేదే నేను. కక్కలేక మింగలేక, "ఆయన మాటే నా మాట" అన్నాను.

సాయం అవసరం లేదని రాసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ అడగాలంటే ఏడాది ఆగాలి.

పెద్దాయన పంచె తడిసింది. పొడిబట్ట కోసం కోడలు లోపలికెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నాకేం వద్దు గానీ, మా కోడలు పిల్లకి ఎవరైనా సాయం దొరుకుతారేమో చూడు. నన్ను ఎత్తలేక చచ్చిపోతోంది. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఇంటి మాట ఎందుకని ఇందాక ఊరుకున్నాను."

ఇంతసేపూ జరిగింది దానికేనని ఎలా చెప్పను? చూస్తానండీ అన్నాను. కోడలు పొడిబట్ట తెచ్చి, ఆయన చంకల కింద చేతులు పెట్టి ఎత్తడానికి వంగింది. ఆ ఒక్కసారికి నేనూ రెండో పక్క పట్టుకున్నాను.