మిషనక్క వేయించుకున్న వైరు

పొద్దున లేవగానే మిషనక్క కిటికీ తీసి ఇల్లు ఎక్కడుందో చూసుకుంటుంది. నిన్న మందుల షాపు పక్కన పడుకున్న ఇల్లు ఇవాళ బడి ఎదురుగా తేలుతుంది. అది ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. పాలవాడు గొణుక్కుంటూ వెతుక్కుంటాడు, అంతే.

బాధంతా గిరాకీతోనే. పాత కుట్టుమిషన్లు బాగుచెయ్యడంలో ఆమెను మించినవాళ్లు ఏడు సముద్రాల అవతల కూడా లేరు. తుప్పుపట్టిన మిషను ఆమె దగ్గు వింటేనే గిర్రున తిరిగేది. కానీ మిషను మోసుకొచ్చినవాళ్లకు ఇల్లు దొరకాలిగా!

"ఈ నెలాఖరుదాకా చూస్తా. అప్పటికీ పని రాకపోతే నా ఫ్యాక్టరీకొచ్చి గుండీలు కుట్టు," అన్నాడు అన్నయ్య.

"నా చేతులు స్క్రూడ్రైవరుకు తప్ప లొంగవు. వెబ్‌సైటు పెడతా," అంది మిషనక్క. వెంటనే నెట్టు పెట్టేవాణ్ణి పిలిపించింది.

"సైటుకు ఏదైనా కంపెనీ కంప్యూటర్లో అద్దెకు చోటు తీసుకుని పెట్టుకోవచ్చుగా అక్కా?" అన్నాడతను.

"పోయినసారి అదే చేశా. వాళ్లు దుకాణం ఎత్తేశారు, నేను గీసిన మిషన్ల బొమ్మలన్నీ గాలికి పోయాయి. ఈసారి సైటు నా బల్లకింది కంప్యూటర్లోనే ఉంటుంది."

"అయితే సెల్ టవరు నెట్టు తీసుకో. ఇల్లు ఎటుపోయినా వెంటే వస్తుంది. కాకపోతే నెట్టులో దానికి సొంత అడ్రసుండదు, బయటివాళ్లు నీ సైటు తలుపు తట్టలేరు. వైరు నెట్టుకైతే మారని అడ్రసు ఇప్పిస్తా. బొమ్మలు బయటికి పంపే వేగమూ బాగుంటుంది. కానీ మీ ఇల్లు అడుగేస్తే వైరు పుటుక్కుమంటుంది."

"వైరే వెయ్యి."

"తెగుద్దంటే వినవేం!"

"మిషను పరుగెత్తితే దారం తెగుతుందా? బిగువు సరిగ్గా ఉండాలి, అంతే!"

మిషన్లో దారం చుట్టుకునే బాబిన్‌లాంటిదే ఏనుగంతది చేసింది. దానికి స్ప్రింగూ, బిగువు మరా బిగించి, ఊరంత వైరు చుట్టింది. ఇల్లు ముందుకెళితే వైరు వదులుతుంది, వెనక్కొస్తే చుట్టుకుంటుంది. నెట్టతను నోరు తెరిచాడు, ఈగలు కాపురం పెట్టేదాకా మూయలేదు.

సైటు నడిచింది. చూసే నాథుడే లేడు. నెలాఖరున అన్నయ్య రానే వచ్చాడు.

"పద, సర్దుకో."

"ఇంకా పొద్దు గుంకలేదుగా!"

అంతలో బల్లమీది నెట్టు డబ్బా దీపం మినుకుమంది. ఎవరో సైటులో ఆమె గీసిన బొమ్మ తెరిచారు. ఆ తెరిచినవాళ్ల దగ్గరికే వెళ్లాలన్నట్టు ఇల్లు విదిలించుకుని లేచింది. బాబిన్ బండిచక్రంలా తిరుగుతుంటే, వైరు వదులుతూ వీధులకు వీధులే దాటింది. అన్నయ్య గుమ్మం కావలించుకుని కళ్లు మూసుకున్నాడు.

ఊరి అవతల ఒక కుట్టు కేంద్రం ముందు ఇల్లు ఆగింది. వాకిట్లో ఒకావిడ చేతిలో ఫోను, ఫోనులో మిషనక్క బొమ్మ. వెనకాల కనుచూపుమేర మూలపడ్డ మిషన్లు, వాటిముందు చేతులు కట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు.

"వచ్చేశావా! లోపలికి రా, ఆ చివరిదాకా అన్నీ నీవే," అందావిడ.

మిషనక్క కొంగు బిగించి మెట్లు దిగింది.

"అన్నయ్యా, కళ్లు తెరిచి ఆ నూనెడబ్బా ఇలా అందుకో."