పెద్దాయన మింగిన మేకులు

మా వడ్రంగి షెడ్డు మధ్యలో ఒక చెట్టుంది. అసలు షెడ్డులో చెట్టుందనడం తప్పు, చెట్టు చుట్టూ మా తాత షెడ్డు వేసుకున్నాడు. ఇంటిల్లిపాదీ చేతులు కలిపి నిలబడినా దాని మొదలు మా చేతులకు అందేది కాదు. ఈ వీధి పుట్టకముందు నుంచీ ఉందట. మాను లావెక్కి పైన రేకు బిగుసుకున్నప్పుడల్లా మేం రేకు కోసుకుంటాం గానీ చెట్టు జోలికి పోం. ఇంట్లో దాన్ని పెద్దాయన అంటాం.

అలాంటి పెద్దాయనను అన్నయ్య అమ్మేశాడు. నాతో మాట మాత్రం చెప్పలేదు. ఏదో పెద్ద హోటలుకి ఒకే పలకతో చేసిన భోజనాల బల్ల కావాలట. అన్నయ్య ముందు గదిలో కూర్చుని మేం చేసిన సామాను అమ్ముతాడు, వెనక చెమటోడ్చి చిత్రిక పట్టేది నేను. రంపపు మిల్లు ఆసామి మనుషులతో దిగి, మాను మీద సుద్దముక్కతో గీత గీస్తుంటే గానీ నాకు సంగతి తెలియలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఏంటిది?" అన్నాను.

"అరవకు. చోటు కలిసొస్తుంది, నీకే మంచిది," అన్నాడు అన్నయ్య.

"నా మంచి నిన్నెవరు చూడమన్నారు? నాన్న ఉంటే ఈ పని చేసేవాడివా?"

"నాన్న లేడుగా."

ఆ మాటకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే అన్నయ్యదే పైచేయి అవుతుందని పళ్ళ బిగువున ఆపుకున్నాను.

నాన్నకొక పాడు అలవాటుండేది. చేతిలో పనిముట్టు ఎక్కడ పెట్టాలో తోచకపోతే మానుకి ఓ మేకు కొట్టి తగిలించేసేవాడు. తాతా అంతే. కొన్నేళ్ళకు బెరడు పెరిగి మేకును కప్పేసేది, ఇంకోటి కొట్టేవారు. "ఆయన ఒంటికి తూట్లు పొడవకు నాన్నా" అని నేను పోట్లాడని రోజు లేదు. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

మిల్లు ఆసామి వైపు తిరిగాను.

"కోసుకోండి. కాకపోతే మంచి రంపం తేకండి, పాడవుతుంది. మా తాత కొట్టినవీ నాన్న కొట్టినవీ మేకులన్నీ దీని కడుపులోనే ఉన్నాయి."

"పైకి నున్నగానే ఉందే?"

"పైకే."

ఆయన నమ్మలేదు. బండిలోంచి ఇనుమును పసిగట్టే మిషను తెప్పించి మానుకి ఆనించాడు. కీచుమంది. పక్కకు జరిపాడు, మళ్ళీ కీచుమంది. చుట్టూ తిరిగొచ్చేసరికి అందరి చెవులూ హోరెత్తాయి.

"నాకొద్దు బాబూ! నా రంపాలకు పళ్ళు మిగలవు," అంటూ మనుషుల్ని వెంటేసుకుని వెళ్ళిపోయాడు.

అన్నయ్య మొహం మాడిపోయింది. "కాసేపు నోరు మూసుకోలేకపోయావా?"

"మూసుకోను. ఇంకొకణ్ణి తీసుకురా, వాడికీ చెప్తాను. వంటచెరుకు కింద అమ్ముతావా? అయితే గొడ్డలి నువ్వే పట్టు. నేనిక్కడే ఉంటా," అని మానుకి వీపు ఆనించి నిలబడ్డాను.

అన్నయ్య నా వైపు చూడలేదు. బల్ల మీదున్న, నాన్న మూలలు సరిచూసుకునే ఇనప మూలమట్టాన్ని విసురుగా తీసి, చిన్నప్పుడు తగిలించే చోటే, నా భుజం పక్కన, మానుకి తగిలించబోయాడు. అది ఠంగుమని కింద పడింది. ఆ మేకు ఎప్పుడో లోపలికి పోయింది. వెనక షెడ్డులోకొచ్చి పని చేసి ఎన్నాళ్ళో అయిన మనిషికి ఆ సంగతేం తెలుసు? ఆ చోటును చాలాసేపు వేలితో తడుముతూ నిలబడ్డాడు.

"ఓ మేకివ్వు," అన్నాడు చివరికి.

మేకులు కొట్టొద్దని నాన్న ఉన్నన్నాళ్ళూ పోట్లాడినదాన్ని. డబ్బా అంతా వెతికి, అన్నిటికంటే పొడుగుది తీసి అన్నయ్య చేతిలో పెట్టాను.

"గట్టిగా కొట్టు," అన్నాను.