అడిగి ఆగడం

రేకుల మీద వాన. ఎడతెగని వాన.

ఆ హోరులో ఫోన్.

"మేడం, పారిపోయిన పాప దొరికింది. పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టారు. నోరు విప్పడం లేదు. పెద్దనాన్న వచ్చాడు, ఇంటికి తీసుకెళ్తానంటున్నాడు."

పిల్లల సంరక్షణ విభాగంలో ఇళ్లు తిరిగే ఫీల్డ్ వర్కర్ గొంతు. వణుకుతున్న గొంతు.

సూపర్‌వైజర్ ట్రైనింగ్ గదిలోంచి వరండాలోకి పరుగెత్తింది.

ఇలాంటప్పుడు ఆమె నోట్లోంచి ఆర్డర్లు ఊడిపడతాయి — అది చెయ్యి, ఇది చూడు. మామూలు రోజుల్లో అయితే ఒకటే ప్రశ్న. ఇంటి విజిట్ అయిందా? అయింది మేడం. సరే.

పొద్దున్నుంచీ ట్రైనింగ్ ఇచ్చే పెద్దావిడ ఉతికింది ఆ అలవాటునే. "మీ వర్కర్లు పిల్లల మాట వినాలంటే ముందు వాళ్ల మాట మీరు వినాలమ్మా. అడగండి. అడిగి ఆగండి. ఆగలేకపోతే చెప్పండి, మీ నోళ్లకి తాళాలేసి తాళంచెవులు నేను పట్టుకుపోతా."

అందరూ నవ్వారు. ఆమే ఎక్కువ నవ్వింది.

ఇప్పుడు నవ్వు లేదు.

"ఆ పాప ఇంటికి వెళ్తే నీకెలా ఉండేది?"

అడిగింది.

ఆగింది.

వాన... వాన... వాన.

"తాగుబోతు తండ్రిదే తప్పనుకున్నాం కదా మేడం. అతన్ని ఇంటికి రాకుండా చేశాం. అయినా పాప పారిపోయింది."

సలహా ఒకటి గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

"పాపతో ఒంటరిగా ఎప్పుడూ మాట్లాడలేదు మేడం. పెద్దనాన్న పక్కనే కుర్చీ వేసుక్కూర్చునేవాడు. తండ్రి మీద ఫిర్యాదు చేసిందే ఆయన... లేచి వెళ్లమనడం ఎలా? మీరు తిడతారని చెప్పలేదు."

"ఇంకా?"

"గుమ్మంలో ఆయన చెప్పులుంటే పాప లోపలికి అడుగుపెట్టేది కాదు. చూశాను. చూసి... వదిలేశాను."

తిట్టు నాలుక చివరే ఉంది. అది జారితే ఈ గొంతు మళ్లీ మూసుకుపోతుంది. పాప ఆ ఇంటికే వెళ్లిపోతుంది.

"చెప్పావు. అది చాలు," అంది సూపర్‌వైజర్. "అక్కడి అధికారితో ఇప్పుడే మాట్లాడతా, పాపని ఎవరికీ అప్పగించరు. నువ్వు వేరే గదిలో తన పక్కన కూర్చో. గుచ్చి గుచ్చి అడగొద్దు. ఎవరి ఊసూ నువ్వుగా ఎత్తొద్దు."

"భయంగా ఉంది మేడం."

"నాకూనూ. బయల్దేరుతున్నా."

అధికారి ఒప్పుకున్నాడు. గొణుగుతూ ఒప్పుకున్నాడు.

ఆటోలో ఒక పక్క తడుస్తూ ఆమె. రోడ్డు కనిపించని వాన. ఫోన్ మోగదు. చేసి అడుగుదామని వేలు వెళ్తుంది — వెనక్కి వస్తుంది.

ఆగింది. ఆగడం ఇంత బరువని ఎవరూ చెప్పలేదు.

మోగింది.

"మేడం." ఈసారి గొంతులో వణుకు లేదు. "నేనేం అడగలేదు. కిటికీలోంచి ఇద్దరం వాన చూస్తూ కూర్చున్నాం. తనే చెప్పింది, ఎవరికి భయపడి పారిపోయిందో."

ఆటో టాపు మీద వాన. ఎడతెగని వాన.

"పెద్దనాన్న, అంది మేడం. నోరు విప్పి పైకే అంది."