ఎవరి బల్ల మీద మోగాలి

కొత్త ఫోను కొంటున్నామంటే నా అంత సంబరపడినవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకెవరూ లేరు. ఇప్పుడు తలుచుకుంటే నా సంబరం మీద నాకే ఒళ్ళు మండుతోంది.

మాది హిగాషి ఒసాకాలో మరలూ బోల్టులూ అమ్మే చిన్న కంపెనీ. ఓనరు హిరాబయాషి గారు, బయట తిరిగి ఆర్డర్లు తెచ్చే కుమే గారూ తొకూరా, లోపల నేను. మూడు లైన్లూ ఎత్తేదాన్ని నేనొక్కదాన్నే. మా దగ్గర ఫోను మూడోసారి మోగేలోపు ఎత్తాలి, లేదంటే ముందు క్షమాపణ చెప్పుకుని తర్వాత మాట్లాడాలి. ఎత్తాల్సింది ఎవరని ఎవరూ పైకి అనరు. ఆఫీసులో ఆడమనిషి ఉంటే ఆవిడే ఎత్తుతుంది, అంతే. నోట్లో ముద్ద ఉంటే గబుక్కున మింగి ఎత్తాలి. కుమే గారి మోచేతి పక్కనే మోగుతున్నా ఆయన పేపరు తిప్పుతూ కూర్చుంటారు, నేను గది ఆ చివర్నుంచి పరిగెత్తుకు రావాలి.

కుమే గారు ఈ వేసవిలో రిటైరవుతున్నారు. "ఆయన కస్టమర్లని ఇక మీరు చూసుకోండి సెగావా గారూ, మన సరుకు గురించి మీకు తెలియందేముంది" అన్నారు ఓనరు గారు, ఏడాది చివరి విందులో. తాగి అన్నారనుకోకండి, మర్నాడు పొద్దున కూడా అదే మాట అన్నారు.

"మరి ఫోనో?" అన్నాను.

"కొత్తవి పెట్టిద్దాం. అందరి బల్లల మీదా మోగుతాయి. అందరం ఎత్తుదాం."

నా పేరుతో విజిటింగ్ కార్డులు కొట్టిస్తామన్నారు కూడా. ఇన్నేళ్ళలో నాకు కార్డు లేదు. ఎవరినైనా కలవనిస్తే కదా ఇవ్వడానికి! నేనెంత పిచ్చిదాన్నంటే, అద్దం ముందు నిలబడి రెండు చేతులతో కార్డు ఇవ్వడం ప్రాక్టీసు కూడా చేశాను.

మొన్న బుధవారం ఫోన్ల కంపెనీ నుంచి నిషియోరి అనే అతను వచ్చాడు. మగవాళ్ళు ముగ్గురికీ వంగి వంగి కార్డులిచ్చాడు. నేను టీ తెచ్చిన మనిషిని కనక నాకివ్వలేదు. నమూనా ఫోన్లు బల్ల మీద పరిచి, ఏ లైను వస్తే ఏ బటన్లో లైటు వెలుగుతుందో చూపించాడు. చూపించి, అడగాల్సింది అడిగాడు.

"ఏ బల్ల మీద మోగాలో, ఏ బల్ల మీద మోగకూడదో మనమే పెట్టుకోవచ్చండి. ఎక్కడెక్కడ మోగించమంటారు?"

నేను నోరు తెరిచేలోపే కుమే గారు గడ్డంతో నన్ను చూపించారు. "ఇదిగో, ఈ అమ్మాయి దగ్గర." యాభైకి దగ్గరపడ్డాను, ఆయనకి నేనింకా అమ్మాయినే!

"మా బల్లల మీద లైటు వెలిగితే చాలండీ" అన్నాడు తొకూరా. "మోత వద్దు. తలనొప్పి."

నీ ఒక్కడికే ఉందా తల? ఆ మాట మింగి ఓనరు గారి వైపు చూశాను. ఆయన టీ కప్పులోకి చూస్తున్నారు.

"అందరి బల్లల మీదా అన్నారు కదండీ?"

"అన్నాననుకోండి" అని నీళ్ళు నమిలారు. "కానీ సెగావా గారూ, ఆడగొంతు వింటే కస్టమరు మెత్తబడతాడు. తొకూరా ఎత్తాడంటే భయపడి పెట్టేస్తారు!"

ముగ్గురూ నవ్వారు, తొకూరాతో సహా.

"మరి కుమే గారి కస్టమర్లు?"

"చూద్దురుగాని. ఫోన్లు రానప్పుడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నిషియోరికి అది కనిపించినట్టుంది, పాపం, సర్దబోయాడు. చెవికి తగిలించుకునే వైరు లేని ఫోనొకటి పెట్టెలోంచి తీశాడు. "ఇది పెట్టుకుంటే ఎక్కడున్నా ఎత్తచ్చు మేడమ్. టీ పెడుతూ ఎత్తచ్చు. బాత్రూంలో ఉన్నా ఎత్తచ్చు."

"భలే! చూశారా, మీకు స్వేచ్ఛ వచ్చేసింది" అన్నారు ఓనరు గారు.

స్వేచ్ఛట! గేదె మెడలో గంట కట్టి, ఇక నీ ఇష్టం వచ్చిన చోట మెయ్యి అన్నట్టు. "బాత్రూంలో మీరే పెట్టుకోండి" అన్నాను.

సరిగ్గా అప్పుడే పాత ఫోను మోగింది. నేను కదల్లేదు. కుమే గారు పేపరు అందుకున్నారు. మళ్ళీ మోగింది. తొకూరా కళ్ళతోనే నాకు ఫోను చూపించాడు, నేనేదో గుడ్డిదాన్నయినట్టు. మూడోసారి మోగేసరికి నిషియోరి చెయ్యి దానంతటదే లేచింది. వాళ్ళ ఆఫీసులో ఎలా తోమారో ఏమో, రిసీవరు ఎత్తి, నడుం వంచి, గుక్క తిప్పుకోకుండా తన కంపెనీ పేరు చెప్పేశాడు. అవతలివాళ్ళు రాంగ్ నంబరనుకుని పెట్టేశారు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. నేల మీద కూలబడి క్షమించమని దణ్ణాలు పెట్టాడు.

బయటినుంచి వచ్చినవాడి చెయ్యి లేచింది గానీ మా మగమహారాజుల చేతులు లేవలేదు. ఓనరు గారు అతన్ని ఒక్క మాటనలేదు. నా మీద లేచారు.

"ఎందుకు ఎత్తలేదు? ఒనోగి గారు చేస్తారని తెలుసుగా! అంత పెద్ద కస్టమరు!"

"తెలిసిన మీరు ఎత్తలేకపోయారా?"

మళ్ళీ మోగింది. ఎత్తాను. నేను కాదు, నా చెయ్యి ఎత్తింది. ఒనోగి గారే. "ఎవరైనా మగవాళ్ళకి ఇవ్వమ్మా" అన్నారు. నా నోరు తియ్యగా "అలాగేనండి, ఒక్క క్షణం" అంది, నా వేలు వెళ్ళి హోల్డ్ నొక్కింది. ఓనరు గారు "హమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలారు.

ఆ హమ్మయ్య నా చెవిలో పడింది చూడండి, ఆ వేలు విరిచేసుకోవాలనిపించింది. హోల్డ్ తీసేశాను.

"ఒనోగి గారూ, ఇక్కడ మగవాళ్ళు ముగ్గురున్నారు. మోగుతున్న ఫోను ఎత్తడం ఒక్కరికీ చేతకాదు. మీ పని వాళ్ళకేం చేతనవుతుంది? నాకు చెప్పండి."

"మీ సరుకు తుప్పు పట్టి వచ్చిందమ్మా" అన్నారు ఒనోగి గారు.

"ఇప్పుడే బయల్దేరుతున్నాను, చూస్తాను."

"మీరా?"

"నేనే."

కోటు తగిలించుకున్నాను. కుమే గారు నోరు తెరిచి చూస్తున్నారు. ఓనరు గారి మొహం కందిపోయింది. "ఇప్పుడు వెళ్ళారంటే, రేపు ఇక్కడ మీకు బల్ల ఉంటుందనుకోకండి" అన్నారు.

భయం వేసింది. లేదని బడాయి పోను. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు నాకు? అయినా నోరు ఆగలేదు.

"తీసెయ్యండి బల్ల. దాని మీద ఫోను పెట్టే బాధ మీకు తప్పుతుంది."

సగం మెట్లు దిగానో లేదో పైన మోత మొదలైంది. నా కాళ్ళు ఆగాయి, సిగ్గులేని కాళ్ళు. ఒనోగి గారే మళ్ళీ చేశారో, ఇంకెవరో. మోగుతూనే ఉంది.

"ఎవరైనా ఎత్తండ్రా!" ఓనరు గారి కేక.

ఇన్నేళ్ళలో ఆ ఆఫీసులో ఫోను ఎత్తమని వాళ్ళని అనడం అదే మొదటిసారి. అయినా ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తేదాకా వింటూ నిలబడితే నేనింకా ఆ బల్ల దగ్గరే ఉన్నట్టు. మిగతా మెట్లు దిగేశాను.