కైలాసం వీపు మీది గీతలు

కైలాసం వీపు మీద హైదరాబాదు దవాఖాన డాక్టరు ఊదా సిరాతో మూడు చతురస్రాలు గీశాడు. ఎక్స్‌రే మెషిను కిరణాలు ఆ గీతల లోపలే పడాలి. పది విడతలు అయ్యాయి, ఇంకా పన్నెండు ఉన్నాయి.

"నీళ్లు తగలనీయకు. గీతలు చెరిగితే కొలత మొదటికొస్తుంది. నీ వంతు నెల వెనక్కి పోతుంది" అన్నాడు డాక్టరు. ఆ నెలలో మచ్చలు గడ్డలవుతాయని కూడా చెప్పాడు. రోగం పేరు లింఫోమా. చర్మంలో పుట్టే క్యాన్సరు. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

అంటదన్న మాట హైదరాబాదు నుంచి సిరిసిల్లకు చేరలేదు. మచ్చలు కనబడ్డనాడే కులపెద్ద బుచ్చిరాములు దానికి కుష్టు అని పేరు పెట్టాడు. ఆయన కైలాసానికి పెదనాన్న. మంగలి గడ్డం గీయడం మానేశాడు. చాయ్ హోటల్లో కైలాసం గ్లాసు చూరు కింద వేరుగా ఉండేది. పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోయాయి.

1962 ఎండాకాలంలో పిలుపొచ్చింది. పాలోళ్లలో, అంటే తండ్రి వైపు దాయాదుల్లో, ముత్తయ్య చనిపోయాడు. పదో రోజు పాలోళ్లంతా మానేరు ఏట్లో మునగాలి. ఒక్కడు మునగకపోయినా అందరి మైలా అట్లాగే ఉంటుంది. ఏడాది తర్వాత తనను లెక్కలోకి తీసుకున్నారని కైలాసం పోస్టుకార్డును రెండుసార్లు చదివించుకున్నాడు. శని, ఆదివారాలు మెషిను నడవదు. సిరిసిల్ల బస్సెక్కాడు.

ఆదివారం పొద్దున బుచ్చిరాములు ఇంటి అరుగు మీద కైలాసం సంగతి చెప్పాడు.

"నీళ్లు తగలొద్దన్నడు డాక్టరు. నెత్తి మీద పసుపునీళ్లు జల్లుకుంట పెద్దబాపు. బాలింతలకు, రోగమున్నోళ్లకు గట్లనే చేస్తరు గద."

"రోగమున్నోళ్లకు చేస్తం. నీకేం రోగం?"

కైలాసం దవాఖాన కాగితం తీశాడు. అరుగు మీదివాళ్లలో చదువొచ్చిన అంతయ్య దాన్ని దగ్గుకుంటూ చదివాడు. "కుష్టు ల్యాదని రాసున్నది." మిగతాది ఇంగ్లీషులో ఉంది. అంతయ్య దాన్ని దాటేశాడు.

"ల్యాదా? ల్యాకుంటె మునుగు" అన్నాడు బుచ్చిరాములు. "ఉన్నదంటవా, పాలోళ్ల లెక్కలకెల్లి తీసేస్తం. నువ్వు మునిగేది లేదు, మేం పిలిచేది లేదు."

"ఉన్నదనే గద ఏడాది సంది నా గ్లాసు వేరు పెట్టిస్తివి."

"అప్పుడు కాగితం ల్యాకుండె. మాకెట్ల తెలుస్తది?"

అరుగు మీద తలలు ఊగాయి. న్యాయంగనే ఉన్నదన్నాడు అంతయ్య.

"నడుం దాంక దిగుత. వీపు తడవనియ్య."

"మైల నడుం దాంకనే ఉంటదారా?"

పొద్దు నెత్తి మీదికి వచ్చేలోపు మునగాలి. కైలాసం ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. "కులమన్న పోవాలె, మెషినన్న పోవాలె."

నర్మద మగ్గం పక్కనుంచి లేచింది. "బోర్ల పండుకో."

పల్చటి మల్లు బట్ట అతని వీపు మీద పరిచింది. గీతలు బట్టలోంచి కనబడుతున్నాయి. బొగ్గుతో వాటి మీదుగా గీయడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నవే?"

"నమూనా దించుకుంటున్న. కదలకు. సావుకార్ల చీరల అంచులు పోగు తప్పకుంట దించినదాన్ని, నీ వీపెంత?"

మెడ ఎముక దగ్గర, రెండు భుజాల ఎముకల దగ్గర, నడుం మీది పుట్టుమచ్చ దగ్గర గుర్తులు పెట్టింది. బట్ట తీసి, బొగ్గు చెరగకముందే ఎర్రదారంతో కుట్టింది. గుర్తుల దగ్గర ముడులు వేసింది. మళ్లీ వీపు మీద పరిచి చూసింది. ఒక గీత దారమంత పక్కకు పోయింది. విప్పి మళ్లీ కుట్టింది.

"గంత పట్టింపెందుకే? దారమంతే గద."

"దారమంతే అని మగ్గం మీద అంటవా?"

కైలాసం మానేట్లో మూడుసార్లు మునిగాడు. కాగితం విన్న పాలోళ్లంతా అతనికి ఎగువన నిలబడి మునిగారు, దిగువన ఒక్కరూ లేరు. ఊదారంగు నీళ్లు ఎవరికీ తగలకుండా పోయాయి. మైల పోయిందని బుచ్చిరాములు చెప్పాడు. భోజనాల దగ్గర కైలాసం విస్తరి గోడ పక్కన వేరుగా వేశారు.

సోమవారం కంపౌండరు వీపు చూశాడు. "గీతలేవి? వెనక్కి పోయి కూర్చో. వచ్చే నెల పిలుస్తాం."

కైలాసం అక్కడి నుంచి కదలకుండా బట్ట తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరును పిలవక తప్పలేదు. ఆయన బట్టను వీపు మీద పరిచి ముడులను ఎముకలతో కలిపాడు. స్కేలు పెట్టి ఫైలులోని అంకెలు చూశాడు. మూడు చతురస్రాలూ కొలిచాడు.

"ఎవరు కుట్టారు?"

"మా ఇంటామె సారు."

"నా గీతకంటే తిన్నగా ఉంది." సిరా తెప్పించి కుట్ల వెంబడి గీశాడు. వంతు ఆనాడే దక్కింది. "పన్నెండు విడతలు అయ్యేదాకా మళ్లీ నీళ్లు తగలకూడదు. మీ ఊరివాళ్లకు చెప్పు."

మధ్యాహ్నం కైలాసం పక్క మంచం మనిషితో నర్మదకు కార్డు రాయించాడు.

"అంతయ్య దగ్గు ఎట్లున్నదో అరుసుకో. ఎండల తిరగొద్దని పెద్దబాపుకు చెప్పు. ముసలి లింగవ్వకు దినాం అంబలి పంపు. నా పన్నెండు విడతలు అయ్యేదాంక పాలోళ్లల్ల ఎవ్వరు సావకుంట చూసుకో. తర్వాత వాళ్లిష్టం."